అవి మొలలేనా? ఎవరైనా చూశారా?

మా అన్నయ్య ఫోన్ నత్తనడక నడుస్తోందని, కాస్త చెత్త ఖాళీ చేసి పెట్టరా అని నా చేతికిచ్చాడు. రెండేళ్ల కిందటి దసరా అది. ఖమ్మంలో ఇంటిల్లిపాదీ పోగయ్యాం. లోపల గారెలు వేగుతున్నాయి. నేను అరుగు మీద కూర్చుని పాత సెర్చ్‌లు తుడిచేద్దామని బ్రౌజర్ తెరిస్తే, పై నుంచి కింది దాకా ఒకటే గోల. ‘మోషన్‌లో రక్తం ఎందుకు వస్తుంది’. ‘మొలలు ఇంట్లోనే తగ్గే మార్గం’. ‘కంద తింటే మొలలు పోతాయా’. ‘రక్తం రోజూ పడితే ప్రమాదమా’.

చూశాను. చూసి, అన్నీ తుడిచేసి ఫోన్ తిరిగిచ్చేశాను. “ఇప్పుడు బాగా పనిచేస్తది అన్నా” అన్నాను. గారెలు తినడానికి లోపలికి పోయాను.

ఏమైంది అన్నా అని ఒక్క మాట అడగలేదు. మా ఇంట్లో అప్పుల గురించి మాట్లాడుకుంటాం, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకుంటాం, పక్కింటి కోడలి గురించి అయితే చెప్పనక్కర్లేదు. కానీ దొడ్డికి వెళ్లే సంగతి మాత్రం మాట్లాడుకోం. పైగా ఆయన నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నాకు సిగ్గేసింది.

ఐదు నెలల తర్వాత తెలిసింది. పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన క్యాన్సర్. మూడో దశ. అన్నయ్యకి అప్పుడు 41 ఏళ్లు.

వేడి చేసిందంతే!

అన్నయ్య బస్సు డ్రైవర్. రోజుకి ఎనిమిది, పది గంటలు ఇంజిన్ పక్కనే కూర్చోవాలి. మొదటిసారి రక్తం కనపడ్డప్పుడు తోటి డ్రైవర్‌కి చెప్పాడట. “మన లైన్లో ఇది అందరికీ ఉండేదే. వేడి చేస్తది. మజ్జిగ తాగు” అన్నాడట ఆయన. వదినకి చెబితే సబ్జా నానబెట్టింది. అమ్మ కంద కూర వండింది. వాళ్లెవరినీ తప్పు పట్టలేం. వాళ్లకి తెలిసిన వైద్యం అది, ప్రేమగానే చేశారు.

ఫోన్ మాత్రం ఊరుకోలేదు. ఒక్కసారి ‘మొలలు’ అని వెతికాక యాప్ తెరిచినా, వీడియో చూసినా అవే ప్రకటనలు. కోత లేదు, కుట్టు లేదు, ఒక్క రోజులో ఇంటికి. చివరికి అలాంటి చోటికే వెళ్లాడు. ఎవరూ పడుకోబెట్టి చూడలేదు. బల్లకి అటువైపు కూర్చుని అన్నయ్య చెప్పింది విని, పూత మందు, పొడి రాసిచ్చారు. పొడి అయిపోయినప్పుడల్లా మళ్లీ వెళ్లేవాడు. మొదటిసారి రక్తం కనపడిన రోజు నుంచి అసలు జబ్బు పేరు తెలిసే దాకా 11 నెలలు గడిచాయి.

బయటపడింది కూడా అనుకోకుండానే. డిపోలో రక్తదాన శిబిరం పెట్టారు. ఏటా ఇచ్చేవాడే కదా అని చెయ్యి చాపాడు. వేలి మీద గుచ్చి చూసి, “మీ దగ్గర తీసుకోం అన్నా, మీకే ఎక్కించాలి” అన్నదట ఆ నర్సమ్మ. హిమోగ్లోబిన్ 8.6. రక్తం ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి.

ఆ కాగితం పట్టుకుని ఖమ్మంలోనే ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఐరన్ బిళ్లలు రాసి పంపేయలేదు. “మగవాడివి, 41 ఏళ్లు. ఇంత రక్తం ఎటు పోతోంది?” అని అడిగారు. అప్పుడు గానీ అన్నయ్య నోరు విప్పలేదు. “మొలలున్నాయి మేడం” అన్నాడు. “ఎవరు చెప్పారు?” అని ఆవిడ ప్రశ్న. అన్నయ్య దగ్గర జవాబు లేదు. నిజమే కదా, ఎవరు చెప్పారు? తోటి డ్రైవర్, ఫోన్, పొడి ఇచ్చినాయన. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆవిడ గ్లౌజు తొడుక్కుని, వేలితో పరీక్ష చేశారు. ఒక్క నిమిషం. లోపల గట్టిగా, ఎత్తుగా ఏదో తగిలింది. వెంటనే కొలనోస్కోపీకి హైదరాబాద్ పంపించారు.

ఒక్క నిమిషం పట్టే పరీక్ష! అన్ని తిరుగుళ్లలో అది ఒక్కసారి జరిగి ఉంటే చాలు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో సగం నా మీదే.

నిజానికి రక్తం పడిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ ఉండదు. చాలామందిలో అది మొలలో, ఫిషరో అయి ఉంటుంది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే మొలలు ఉన్నవాళ్లకి క్యాన్సర్ రాకూడదని రూలేం లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. బయటికి కనిపించే రక్తం రెండింటిలోనూ ఒకేలా ఉండొచ్చు. చూడకుండా చెప్పేది వైద్యం కాదు, ఊహ.

పులిపిరిలా మొదలై...

హైదరాబాద్‌లో డాక్టర్ గారు ఒక తెల్ల కాగితం మీద గొట్టం బొమ్మ గీసి మాకు చెప్పారు. పెద్దపేగు దాదాపు మీటరున్నర పొడుగుంటుంది. దాని లోపలి పొర మీద కొందరికి చిన్న చిన్న పులిపిర్లలాంటివి మొలుస్తాయి. వాటినే పాలిప్స్ అంటారు. అన్నీ చెడ్డవి కావు. వాటిలో అడినోమా అనే రకం మాత్రం కొన్నాళ్లకి క్యాన్సర్‌గా మారగలదు. ఆ మారడానికి మామూలుగా పదేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది.

పదేళ్లు! ఎన్ని క్యాన్సర్లు మనకి ఇంత గడువిస్తాయి? ఆ లోపల చూస్తే పులిపిరిగా ఉండగానే వైరు ఉచ్చు వేసి తీసేయొచ్చు. కోత లేదు, కుట్టు లేదు. (ఈసారి నిజంగానే.) కొలనోస్కోప్ గొట్టంలోంచి వైరు పంపి పాలిప్ తీసే పద్ధతి కొత్తదేం కాదు. 1969లోనే న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ అనే డాక్టర్లు చేసి చూపించారు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది అది.

ఏ లక్షణమూ లేనప్పుడే ఇలా వెతకడాన్ని స్క్రీనింగ్ అంటారు. దశ ముదిరే కొద్దీ లెక్క ఎలా మారిపోతుందో అమెరికా గణాంకాలు చూస్తే తెలుస్తుంది. జబ్బు పేగు దాటకుండా ఉండగా దొరికినవాళ్లలో ఐదేళ్ల తర్వాత కూడా బతికుండేవాళ్లు దాదాపు 90 శాతం. కాలేయం, ఊపిరితిత్తుల దాకా పాకాక దొరికితే అది 15 శాతం దరిదాపుల్లోకి పడిపోతుంది.

మరి 41 ఏళ్లకే ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న మా అమ్మ డాక్టర్‌ని కనీసం పదిసార్లు అడిగింది. ఆయన దగ్గర సూటి జవాబు లేదు. ఇది వయసు మళ్లినవాళ్ల జబ్బు అని ఒకప్పటి పేరు. అమెరికాలో ఆ పేరు మారిపోతోంది. 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకి, 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లు అదే వయసులో ఉన్నప్పటితో పోలిస్తే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పురీషనాళం, అంటే పేగు చివరి భాగం క్యాన్సర్ ముప్పు నాలుగింతలు అని 2017లో అక్కడి పరిశోధకులు లెక్క తేల్చారు. అందుకే 2021లో అక్కడి నిపుణుల సంఘం, స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసుని 50 నుంచి 45కి దించింది. ఊబకాయం, మందు, సిగరెట్, కూర్చునే ఉద్యోగాలు, పీచు లేని తిండి ముప్పుని పెంచుతాయని తెలుసు. సాసేజ్, సలామీలాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో పెట్టింది. అయినా మా అన్నయ్య వాటిని కంటితో కూడా చూసి ఉండడు. సన్నగా ఉంటాడు, చుక్క ముట్టడు. కాబట్టి ‘నాకు ఏ అలవాటూ లేదు’ అని ధీమాగా ఉండకండి.

‘బ్లాక్ పాంథర్’ చాడ్విక్ బోస్‌మన్ గుర్తున్నాడా? 2016లో ఆయనకి మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆ సినిమా వచ్చింది 2018లో. అంటే మనం థియేటర్లో ఈలలు వేసిన ఆ ఒంటితోనే ఆయన ఆ జబ్బుని మోస్తున్నాడు. 2020 ఆగస్టు 28న చనిపోయాడు. 43 ఏళ్లు. మా అన్నయ్య మంచం మీద పడుకుని ఈ సంగతి చదివి, “ఎవరికీ చెప్పకుండా సినిమాలు చేసిండట్రా” అన్నాడు. ఆయన కూడా ఎవరికీ చెప్పకుండా 11 నెలలు బస్సు నడిపాడు మరి.

కుండలో నీళ్లు తాగలేని ఎండాకాలం

వైద్యం గురించి ఎక్కువ రాయను. ముందు రేడియేషన్, తర్వాత కీమో, ఆ తర్వాత ఆపరేషన్. కీమో సరిగ్గా ఎండాకాలంలో పడింది. ఆక్సాలిప్లాటిన్ అని ఒక మందు ఎక్కించేవాళ్లు. అది ఎక్కిన కొన్ని రోజుల పాటు చల్లటిది తగిలితే వేళ్లు, గొంతు కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటాయి. ఖమ్మం ఎండలు తెలుసుగా! మే నెలలో గోరువెచ్చటి నీళ్లే తాగాడు. కుండ వైపు చూసేవాడు, అంతే. స్టీలు గ్లాసు పట్టుకోవడానికి కూడా చేతికి రుమాలు చుట్టుకునేవాడు.

ఆపరేషన్ తర్వాత పొట్ట మీద సంచి పెట్టారు. పేగు కుట్లు మానే దాకా మలం అందులోకి వస్తుంది. నాలుగు నెలలకి తీసేశారు. అందరికీ తీసేసే వీలుండదు. ఆ నాలుగు నెలలూ సంచి మార్చడం వదిన నేర్చుకుంది, తర్వాత నేనూ నేర్చుకున్నాను. ‘మోషన్’ అనే మాట పలకడానికి సిగ్గుపడిన ఇంట్లో, భోజనాల దగ్గర కూడా “ఇవాళ ఎన్నిసార్లు ఖాళీ చేశావు?” అని అడిగేటంత మారిపోయాం.

డబ్బు సంగతి కూడా ఒక మాట. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ ఆపరేషన్లకీ, కీమోకీ, రేడియేషన్‌కీ పనికొస్తాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. డబ్బుల్లేవని ఆగిపోకుండా ముందు అక్కడ అడగండి.

“మీరూ చేయించుకోవాలి”

డిశ్చార్జ్ రోజున డాక్టర్ గారు నా వైపు, అక్క వైపు చూసి, “మీ ఇద్దరి వయసెంత?” అన్నారు. నాకు 32, అక్కకి 38. “అయితే ఇద్దరూ ఆలస్యమే” అన్నారు.

లెక్క ఇది. అమ్మ, నాన్న, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వస్తే మిగతావాళ్లు 40 ఏళ్లకి, లేదా వాళ్లకి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్లు ముందు, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. అన్నయ్యకి 41. అంటే మేం 31కే చేయించుకోవాలి. అన్నయ్య గడ్డ ముక్కని లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం కోసం కూడా పరీక్షించారు. ఆ గుర్తులేమీ కనపడలేదు. అది ఉంటే మా లెక్క ఇంకా ముందు నుంచే మొదలయ్యేదట.

నేను హైదరాబాద్‌లోనే ఉంటాను కాబట్టి వాయిదా వేయడానికి సాకు దొరకలేదు. ముందు రోజు ఆకుకూరలు, గింజలు, పప్పులు బంద్. తెల్లన్నం, పెరుగు. సాయంత్రం నుంచి కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసంలాంటివి మాత్రమే. తర్వాత అసలు కథ. రెండు లీటర్ల నీళ్లలో ఒక పొడి కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. రుచి ఎలా ఉందంటే... ఓఆర్ఎస్‌లో ఎవరో సబ్బు కడిగినట్టు. మొదటి లీటరు ఎలాగో దిగింది. రెండో లీటరుకి ముక్కు మూసుకున్నాను. ఆ రాత్రి 14 సార్లు బాత్రూమ్‌కి. ఫోన్ ఛార్జర్ బాత్రూమ్ దగ్గరికే మార్చుకున్నాను. చివరికి వచ్చేది పసుప్పచ్చని నీళ్లలా తేటగా ఉంటే పేగు శుభ్రపడినట్టు. శుభ్రం కాకపోతే చిన్న పాలిప్స్ కనపడవు. అప్పుడు అంత కష్టమూ వృథా. కాబట్టి ఆ రెండో లీటరు మొక్కలకి పోయకండి.

పరీక్ష మాత్రం నాకు గుర్తే లేదు. చేతికి సూది పెట్టి మత్తు ఇచ్చారు. కళ్లు తెరిచి, “ఎప్పుడు మొదలుపెడతారు?” అని అడిగితే నర్స్ నవ్వింది. అరగంట అయిపోయిందట. పేగుకి చిల్లు పడటం, రక్తస్రావం లాంటి ఇబ్బందులు అరుదుగా ఉంటాయని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. నాకేం కాలేదు, కాస్త గ్యాస్ తప్ప.

ఒక పాలిప్ దొరికింది. 8 మిల్లీమీటర్లు. పెసర గింజకంటే కాస్త పెద్దది. అక్కడికక్కడే తీసేశారు. వారం తర్వాత బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. అడినోమా. క్యాన్సర్ లేదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మొత్తం ఖర్చు నాకు 14 వేలైంది.

రిపోర్ట్ పట్టుకుని పార్కింగ్‌లో బండి మీద చాలాసేపు కూర్చున్నాను. నాకు రక్తం పడలేదు, కడుపు నొప్పి లేదు, బరువు తగ్గలేదు. ఒంట్లో దాని జాడే తెలియలేదు. అన్నయ్యకి కూడా ఒకప్పుడు ఇంతే ఉండి ఉంటుంది కదా, ఆ పెసర గింజంత?

ఇది చదివి అందరూ రేపే కొలనోస్కోపీకి పరిగెత్తాలా? అక్కర్లేదు. పశ్చిమ దేశాలతో పోలిస్తే ఈ జబ్బు మన దగ్గర తక్కువే. ప్రభుత్వం అందరికీ చేసే స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లున్నాయి గానీ ఇది లేదు. ఇంట్లో ఎవరికీ లేక, ఏ లక్షణమూ లేకపోతే 45 దాటాక డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. నేరుగా గొట్టం పరీక్షే కానక్కర్లేదు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ అనే పరీక్ష ఉంది. ఇంట్లోనే శాంపిల్ తీసి ఇవ్వొచ్చు. ఖర్చు కొలనోస్కోపీ కంటే చాలా తక్కువ. జపాన్‌లో 1992 నుంచీ 40 దాటినవాళ్లకి జాతీయ పథకంగా ఇదే చేస్తున్నారు. అందులో రక్తం ఉందని వస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదు. అయితే కంటికే రక్తం కనపడుతున్నవాళ్లు, లేదా వారాల తరబడి మోషన్ తీరు మారినవాళ్లు, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించేవాళ్లు, కారణం లేకుండా రక్తం తగ్గుతున్నవాళ్లు ఫిట్ చేయించుకుని సరిపెట్టుకోవద్దు. వయసెంతైనా నేరుగా డాక్టర్ దగ్గరికే. ఇంకొకటి, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో సీఈఏ అనే రక్త పరీక్ష పెట్టి ‘క్యాన్సర్ స్క్రీనింగ్’ అని రాస్తుంటారు. అది జబ్బు ఉన్నవాళ్ల వైద్యం ఎలా నడుస్తోందో చూడటానికి పనికొస్తుంది. అది నార్మల్ వచ్చినా పేగులో ఏమీ లేదని కాదు. పొట్ట స్కానింగ్‌లో కూడా చిన్న పాలిప్స్ కనపడవు.

అక్క సంగతి

అక్క మాత్రం ఏడాదిగా తప్పించుకుంటూనే ఉంది. “నాకేం లేదురా”, “పిల్లల పరీక్షలు అవ్వనీ”, “శ్రావణం వెళ్లనీ”. అసలు కారణం వదినతో చెప్పిందట, అక్కడ గొట్టం పెడతారంటే మగ డాక్టర్ ముందు సిగ్గు అని. లేడీ డాక్టర్ని వెతికిపెట్టాను. అయినా కదల్లేదు. నేను ఎన్ని లింకులు పంపినా రెండు నీలం టిక్కులే తప్ప జవాబు లేదు.

అమెరికాలో కేటీ కురిక్ అనే టీవీ యాంకర్ భర్త 1998లో 42 ఏళ్లకే ఈ జబ్బుతో చనిపోయాడు. 2000లో ఆవిడ తన కొలనోస్కోపీని తానే టీవీలో చూపించింది. ఆ తర్వాత అక్కడ ఈ పరీక్షలు 20 శాతానికి పైగా పెరిగాయని పరిశోధకులు రాశారు. అక్క మీద అదీ పనిచేయలేదు. “ఆవిడకేం, అమెరికాలో ఉంది” అంది.

పోయిన నెల అన్నయ్య డ్యూటీలో చేరాడు. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్న మొదటి రోజు సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో మాకెవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈసారి సిగ్గుతో కాదు.

మొన్న మంగళవారం రాత్రి పదింటికి అక్క నుంచి ఫోన్.

“ఒరేయ్, పొద్దున్నే టెస్టు. ఈ సబ్బు నీళ్లలో నిమ్మకాయ పిండుకోవచ్చా?”

“పిండుకో అక్కా. వడకట్టుకో, గింజ పడకుండా.”

“ఇంకో లీటరుంది రా...”

“తాగు. లైన్లోనే ఉంటా.”